ఉగాది నుండి ఉగాదికి: పండ్రెండు నవలలు

నవలలు చదువుట పనిలేనివారి పని యని పెద్దలు భావించిన కాలమొకటి ఉండెను. విద్యార్థి పాఠ్యపుస్తకము మాటున నవల దాచుకొని చదువుటయు, అది ఉపాధ్యాయుని కంటబడినపుడు చీవాట్లు తినుటయు తెలుగు దేశమున ప్రతి బడియు ఎరిగిన విషయమే. ఆ ఉపాధ్యాయుడే ఇంటికి పోయి రాత్రి దీపము ముందు అదే నవలను ముగించిన సందర్భములును లేకపోలేదు. కాలక్షేపమునకు చదివినది కాలముతోనే పోవును. ఒక క్రమము ననుసరించి, ఒక ఏడాది పొడవున, నెలకొక్క నవల చొప్పున చదివినచో ఏమి మిగులును? ఈ ప్రశ్నకు సమాధానము జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణములలో నివసించు పాఠకుని దృష్టితో వెదకుట ఉచితముగా నుండును. ఏలయన, తెలుగు నవల పుట్టిన చోటికిని ఈ పట్టణములకును నడుమనున్న దూరము మైళ్ళతో మాత్రమే కొలువదగినది కాదు.

ముందుగా లెక్క చూడవలెను. దినమునకొక గంట సేపు, ముప్పది పుటల చొప్పున చదివినచో నెలకు తొమ్మిది వందల పుటలగును. తెలుగు నవలలలో బహు కొద్ది మాత్రమే ఈ కొలతకు మించినవి. కావున నెలకొక్క నవల యనునది అసాధ్యమైన వ్రతము కాదు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతముల రైతులకు పసుపు పంట సంగతి తెలియును. వానకాలపు మొదట నాటిన దుంప తొమ్మిది నెలలు భూమిలోనుండి గాని చేతికి రాదు. త్రవ్విన పిమ్మట ఉడుకబెట్టవలెను, ఎండబెట్టవలెను, మెరుగు పెట్టవలెను. మంచి నవలయును అట్టిదే. చదివి ముగించిన దినమున దాని విలువ తెలియదు. కొన్ని నెలలు మనస్సులో నానిన పిదపనే రంగు తేలును.

వేసవి సెలవులలో

ఉగాదితో ఆరంభించు పాఠకుడు మొదట కందుకూరి వీరేశలింగము పంతులుగారి 'రాజశేఖర చరిత్రము'ను చేపట్టుట న్యాయము. అది 1878లో పత్రికాముఖమున వెలువడనారంభించి, 1880లో పుస్తకరూపము దాల్చినది. వీరేశలింగముగారు దానిని వచన ప్రబంధమనినారు. 'నవల' అను పేరు విమర్శకుడైన కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారి వలన వచ్చినది. గోల్డుస్మిత్తు అను ఆంగ్ల రచయిత కథను ఆధారముగా గొని, ధవళేశ్వరములోని ఒక కుటుంబపు కలిమిలేములను వర్ణించిన ఈ గ్రంథము 1887లో ఆంగ్లములోనికి పోయి లండను నగరమున అచ్చయినది. ఇంగ్లండు నుండి వచ్చిన కథ తెలుగు వేషము ధరించి, పదేండ్లు తిరుగక మునుపే ఇంగ్లండునకు తిరిగి వెళ్ళినదన్నమాట. నవల యనునది సరిహద్దులను పాటించు ప్రాణి కాదని మొదటి నెలలోనే పాఠకునికి తెలియును.

వేసవి సెలవులు ఉపాధ్యాయునికి వరము. పెద్ద గ్రంథములకు అదే సమయము. విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు', ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' ఈ రెండింటిని ఒకదాని వెంట నొకటి చదువవలెను. మొదటిదానికి 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'తో కలిపి పంచి ఇచ్చినది. రెండవది 1922లో వెలువడి, మద్రాసు ప్రభుత్వపు నిషేధమునకు గురియైనది. ఒకటి సుబ్బన్నపేట యను గ్రామమున పాత ధర్మము శిథిలమగుట చూచి దుఃఖించును. మరొకటి మంగళాపురమున మాలపల్లెలోని రామదాసు కుటుంబము పడిన యాతన చూపి, ఆ పాత వ్యవస్థనే ప్రశ్నించును. గుడి గంట యొకచోట ఒక విధముగ, మరొకచోట మరొక విధముగ వినిపించును. ఒక్క విశ్వనాథనే చదివినవాడు పోయినదానికై విలపించును. ఒక్క ఉన్నవనే చదివినవాడు పోవలసినది ఇంకను పోలేదని కోపించును. రెండును చదివినవానికి ఒకే గ్రామమును ఊరి నడుమ నుండియు, ఊరి వెలుపల నుండియు చూడవచ్చునను ఎరుక కలుగును. తరగతి గదిలో నలుబది మంది పిల్లలను ఎదుట కూర్చుండబెట్టుకొను ఉపాధ్యాయునికి ఇంతకంటె అవసరమైన ఎరుక మరొకటి యుండదు.

'వేయిపడగలు' ఈ ప్రాంతమునకు మరొక విధముగ దగ్గరి చుట్టము. విశ్వనాథవారు 1959 నుండి 1961 వరకు కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిరి. నాడు ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని వంగర గ్రామమున పెరిగి, మంథని నియోజకవర్గమునకు శాసనసభ్యులుగా నుండిన పి.వి. నరసింహారావుగారు ఈ నవలను 'సహస్రఫణ్' పేర హిందీలోనికి అనువదించిరి. మరాఠీలో హరినారాయణ ఆప్టే రచించిన ఒక నవలను 'అబల జీవితము' అను పేర తెలుగు చేసినవారును వారే. తరువాతి కాలమున దేశ ప్రధానియైన ఈ వ్యక్తి అన్ని పుటల గ్రంథమును వాక్యము వెంట వాక్యము మరొక భాషలో పెట్టుటకు ఎంత ఓపిక చూపవలసి వచ్చెనో పాఠకుడు తలచుకొన్నచో, చదువుట మాత్రమే తన వంతైన పని ఎంత తేలికయో బోధపడును.

బడి తెరచిన పిదప

జూనులో బడి గంట మ్రోగిన తరువాత చదువదగినది కొడవటిగంటి కుటుంబరావుగారి 'చదువు'. సుందరము అను బాలుడు అక్షరాభ్యాసము మొదలు కళాశాల వరకు సాగించిన విద్యాయాత్ర ఇందలి కథ. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, బంధువులు, దేశకాల పరిస్థితులు కలిసి ఒక బాలుని ఎట్లు మలచునో, ఎచ్చట విడిచిపెట్టునో రచయిత గొంతు పెంచక చెప్పినారు. పిల్లవాడు బడిలో నేర్చినదానికంటె బడి వెలుపల నేర్చినదే హెచ్చుగా నుండుట గమనించినపుడు ఏ ఉపాధ్యాయునికైనను కొంత నొప్పి కలుగకమానదు. ఆ నొప్పి మేలైనది.

శ్రావణ భాద్రపదములలో రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి 'అల్పజీవి', బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' చదివినచో కథ యనునది సంఘటనలలోనే ఉండవలెనను నియమము లేదని తెలియును. సుబ్బయ్య భయస్థుడు. అతడు ఆఫీసులోను, ఇంటిలోను, వీధిలోను భయపడుచునే యుండును. ఆ భయమే నవల. దయానిధి తల్లిని గూర్చి లోకము చెప్పుకొనిన మాటలను జీవితాంతము మోయును. ఆ బరువే నవల. విద్యార్థులు సాధారణముగా 'తరువాత ఏమి జరిగినది?' అని అడుగుదురు. ఈ రెండు నవలలు 'ఎందుకట్లు జరిగినది?' అని అడుగుట నేర్పును. నోరెత్తని పిల్లవాడు, నలుగురిలో చేరని పిల్ల ప్రతి తరగతిలోను ఉందురు. సుబ్బయ్యను, దయానిధిని ఎరిగిన ఉపాధ్యాయుడు వారిని మందమతులని తొందరపడి నిర్ణయింపడు.

తన ఊరు ఎక్కడ?

ఇట్లు ఆరు నెలలు గడచును. అప్పుడు ఈ ప్రాంతపు పాఠకునికి ఒక సందేహము కలుగుట సహజము. ధవళేశ్వరము చూచినాడు, కృష్ణా తీరము చూచినాడు, విశాఖపట్టణము చూచినాడు. వారి పాత్రలు మాటలాడు భాష అతనికి అర్థమగును గాని, అతని ఇంట వినబడునది కాదు. అతని ఊరి గడీ, చెరువు కట్ట, కల్లు మండువ, బతుకమ్మ ఎక్కడ? నవలలో కనబడని ఊరు ఊరు కాదా? పుస్తకములో లేని మాట తప్పు మాటయా?

ఈ వేదన క్రొత్తది కాదు. తెలంగాణములో కవులు లేరను మాట వినవచ్చినపుడు సురవరము ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగక, 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించి 354 మంది కవులను లోకమునకు చూపినారు. నవల విషయమున అట్టి సమాధానము మరికొంత ఆలస్యముగ వచ్చినది. దానికి కారణములు స్పష్టములే. నిజాము రాజ్యమున ఉన్నత విద్య ఉర్దూలో సాగెను. తెలుగు పాఠశాలకు, తెలుగు గ్రంథాలయమునకు, తెలుగు సభకు అనుమతులు కావలసివచ్చెను. సిరిసిల్ల సమీపమున హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమముననే విద్య నభ్యసించి, తరువాత తెలుగు ఆచార్యులై, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును అందుకొనిరి. పద్యము, పాట నోట నిలుచును. అచ్చుయంత్రము లేకపోయినను బ్రతుకును. నవలకు అచ్చు కావలెను, కొనువాడు కావలెను, దీర్ఘకాలము కూర్చుండి చదువు అలవాటు కావలెను. ఈ మూడును లేనిచోట నవల పుట్టుట కష్టము.

ఆ మూడింటిని సమకూర్చుటకు పూనుకొన్న వ్యక్తి వట్టికోట ఆళ్వారుస్వామి. భోజనశాలలో పనిచేసి, అచ్చు దిద్దుట నేర్చి, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తానే మోసికొనిపోయి ఊరూర అమ్మినవాడతడు. చెరసాలలకు పోయినవాడు. అతని 'ప్రజల మనిషి' తెలంగాణపు జీవితమును చిత్రించిన తొలి నవలగా విమర్శకుల మన్నన పొందినది. బతుకమ్మ పండుగ వచ్చు ఆశ్వయుజమున దీనిని చదువవలెను. కంఠీరవము అను యువకుడు, దొర దౌర్జన్యము, వెట్టి, మతము పేరిట కలహములు, గ్రంథాలయము చుట్టు మెల్లగా మేల్కొను గ్రామము ఇందు కనిపించును. దీని తరువాతి కథయైన 'గంగు' ముగియక ముందే 1961లో రచయిత కన్నుమూసెను. ముగియని నవల 1965లో అచ్చయినది. చివరి పుటకు వచ్చి, ఇక లేదని తెలిసినపుడు కలుగు వెలితి ఏ ముగిసిన నవలయు ఇయ్యజాలదు.

మార్గశిరమునకు దాశరథి రంగాచార్యులవారి 'చిల్లర దేవుళ్ళు'. 1969లో వెలువడిన ఈ గ్రంథము, దాని వెంట వచ్చిన 'మోదుగుపూలు', 'జనపదం' కలిసి నిజాము కాలము నుండి స్వతంత్ర భారతము వరకు తెలంగాణపు గ్రామ చరిత్రను చెప్పును. 'చిల్లర దేవుళ్ళు'లో సంగీతము తెలిసిన పరాయి ప్రాంతపు యువకుడొకడు గడీలో ప్రవేశించును. చదువరి అతని కన్నులతో దొరను, పట్వారిని, ఆడబాపలను, వెట్టివారిని చూచును. రంగాచార్యులవారు పాత్రల నోట తెలంగాణపు మాటలనే ఉంచిరి. అంతవరకు ఇంటిలోను, అంగడిలోను మాత్రమే తిరిగిన మాటలు అచ్చులో నిలువబడినవి.

ఈ విషయమున ఉపాధ్యాయులకు ఒక పరీక్ష కలదు. జగిత్యాల పిల్లవాడు వ్యాసములో తన తల్లి మాట వ్రాసినచో దానిని ఎఱ్ఱ సిరాతో కొట్టివేయుట చాల కాలము ఆచారముగా నుండెను. శిష్టభాష నేర్పుట ఉపాధ్యాయుని ధర్మమే. అందు సందేహము లేదు. కాని శిష్టభాష నేర్పుటకు తల్లి భాషను అవమానింప నవసరము లేదు. ఒక పాత్ర నోట అదే మాట అచ్చులో చూచిన పిల్లవాడు తల యెత్తి చూచును. ఆ చూపు కొఱకైనను ఈ నవలలు పాఠశాల గ్రంథాలయములో నుండవలెను.

దగ్గరికి వచ్చిన కొలది

పుష్యమున అంపశయ్య నవీన్‌గారి 'అంపశయ్య'. ఇదియు 1969 నాటిదే. ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములో రవి అను విద్యార్థి గడిపిన ఒక్క దినము ఇందలి కథ. పల్లె నుండి వచ్చిన పిల్లవాని పేదరికము, పరీక్షల భయము, ఇంటిని గూర్చిన తలపులు ఒక ప్రవాహముగ సాగును. ఐర్లండు రచయిత జేమ్సు జాయిస్ 1922లో ప్రకటించిన 'యులిసిస్' యును ఒక్క దినపు కథయే. ఆ పద్ధతి తెలుగు పల్లె బిడ్డ మనస్సునకు ఇంత చక్కగా అమరుట గమనింపదగినది. కోరుట్ల నుండి, సిరిసిల్ల నుండి హైదరాబాదునకు చదువు కొఱకు పోవు విద్యార్థికి ఈ పుస్తకము తోడుగా నుండును.

మాఘమున అల్లం రాజయ్యగారి 'కొలిమి అంటుకున్నది'. రచయిత మంథని ప్రాంతపువారు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతులు, కూలీలు పెద్ద యెత్తున కూడి ఊరేగింపు జరిపిరి. ఆ అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వము కల్లోలిత ప్రాంతములుగ ప్రకటించినది. ఆ కాలపు గ్రామముల ఘర్షణ నుండి పుట్టిన నవల యిది. ఆనాటి ఉద్యమమును గూర్చి, దాని మార్గమును గూర్చి అభిప్రాయభేదములు నేటికిని ఉన్నవి. నవల వాటిని తీర్పదు. దొరకు ఎదురు నిలువని జీతగాడు ఒకనాడు నిలిచినపుడు అతని లోపల ఏమి మారినదో చూపును. చరిత్ర గ్రంథము తేదీ చెప్పును, చట్టము పేరు చెప్పును. ఆ ఇంటి పొయ్యిలో ఆనాడు నిప్పు రాజినదో లేదో నవల చెప్పును.

ఏడాది చివరి నెల ఫాల్గుణమునకు సిరిసిల్ల ప్రాంతపు రచయిత పెద్దింటి అశోక్‌కుమార్‌గారి 'జిగిరి'. ఆయన ఉపాధ్యాయుడుగా పనిచేసినవారు. ఎలుగుబంటిని ఆడించి పొట్ట పోసికొను ఇమాము, అతని ఎలుగు షాదుల్ ఇందలి ప్రధాన పాత్రలు. ఎలుగును వదిలించుకొన్నగాని కుటుంబమునకు మంచి బ్రతుకు లేదను పరిస్థితి ఏర్పడును. భార్యా కుమారులు ఒక వైపు, మూగ ప్రాణి మరొక వైపు. ఇమాము ఎవరి పక్షమున నిలువవలెను? ఎవరును దుర్మార్గులు కారు. అందుననే కథ గుండెను పిండును. పెద్ద పెద్ద సిద్ధాంతములు లేకయే, ఊరి చివర గుడిసెలోని ఒక కుటుంబముతో మానవధర్మపు ప్రశ్న నంతయు అడుగవచ్చునని ఈ చిన్న నవల నిరూపించినది.

చదువనివారి కొఱకు

పండ్రెండు నవలలు ముగిసినవి. ఏమి మిగిలినది? మొదట ధవళేశ్వరమున ఆరంభమైన బాట క్రమముగ ఇంటి గడప వరకు వచ్చినది. గడప దాటి చూచినచో వ్రాయవలసిన జీవితము ఇంకను అపారముగ నున్నది. కోరుట్లలోను, జగిత్యాలలోను ఇంటి అరుగుపై చాట ఒడిలో పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టు స్త్రీలు కలరు. ఏండ్ల తరబడి గల్ఫు దేశములలో పనిచేయుచు ఫోనులోనే బిడ్డల ఎదుగుదల విను తండ్రులు కలరు. చేనేత పోయి మరమగ్గము వచ్చిన సిరిసిల్లలో, పని లేక భీవండికి వలసపోయిన కార్మికులును, అప్పుల బాధ తాళలేక ప్రాణములు తీసికొన్నవారి కుటుంబములును కలవు. కథలు, కవితలు వీరిని గూర్చి వచ్చినవి. ఒక జీవితమును పూర్తిగా పట్టగల పెద్ద నవలలు వీరికి ఇంకను బాకీ పడియున్నవి.

ఈ సందర్భమున దూరదేశపు ముచ్చట యొకటి ప్రస్తావింపదగినది. క్యూబా ద్వీపమున హవానా నగరపు చుట్టల కర్మాగారములలో 1865 నుండి ఒక ఆచారము నెలకొన్నది. కార్మికులు చేతులతో పొగాకు చుట్టుచుండగా, ఎత్తైన పీఠముపై కూర్చుండి ఒకడు వార్తాపత్రికలను, నవలలను బిగ్గరగా చదివి వినిపించును. అతని జీతమును కార్మికులే తలా కొంత వేసికొని ఇచ్చెడివారు. అలెగ్జాండరు డ్యూమా అను ఫ్రెంచి రచయిత నవల 'మోంటె క్రిస్టో' వారికెంత ప్రియమైనదనగా, 1935లో ఆరంభమైన ఒక చుట్టల రకమునకు ఆ పేరే నిలిచినది. అక్షరము రానివారును ఆ విధముగ ప్రపంచ నవలలకు శ్రోతలైరి.

పొగాకు చుట్టు చేతులు కోరుట్లలోను ఉన్నవి. చేతులకు పని యున్నను చెవులు ఖాళీగానే యుండును. తొమ్మిదవ తరగతి బాలిక సాయంకాలము బీడీలు చుట్టు తల్లి ప్రక్కన కూర్చుండి 'జిగిరి'ని గాని, 'చిల్లర దేవుళ్ళు'ను గాని పది పుటలు చదివి వినిపించినచో, బాలికకు ధారాళముగ చదువుట అలవడును. తల్లికి పని బరువు కొంత తగ్గును. అంతకంటె విలువైనది మరొకటి జరుగవచ్చును. తల్లి పని ఆపక, 'అట్ల కాదు బిడ్డా, ఆనాడు మా ఊళ్లె అయింది వేరు' అని చెప్పనారంభింపవచ్చును. అదిగో, వ్రాయని నవల యొకటి అక్కడ మొదలైనది. సిరిసిల్ల మరమగ్గముల చప్పుడులో చదివి వినిపించుట సాధ్యము కాదు గాని, మగ్గము ఆగిన రాత్రివేళ సాధ్యమే.

ఉపాధ్యాయులు దీనికై ప్రత్యేక పథకములను ఎదురుచూడ నక్కరలేదు. తాము చదివిన నవలను గూర్చి వారమునకొక్క పదినిమిషములు తరగతిలో ముచ్చటించిన చాలును. కథ చివర చెప్పరాదు. చదువవలెనను ఆకలి పుట్టించి విడువవలెను. విద్యార్థి చేత సారాంశము వ్రాయించుటకు మారుగా మూడు ప్రశ్నలు వేయవలెను: ఈ పుస్తకములో నీకు తెలిసిన మనిషి ఎవరు? నీకు కోపము తెప్పించినది ఎవరు? నీ ఊరిలో ఈ కథ జరిగియున్నచో ఏమి మారును? ఈ మూడింటికి సమాధానము చెప్పగల విద్యార్థి నవలను నిజముగ చదివినవాడు. సగము చదివి నచ్చక వదలినవానిని మందలింపరాదు. ఎందుకు నచ్చలేదో చెప్పగలిగినచో అతడును మంచి పాఠకుడే.

నవలలకు సమయమెక్కడిదని అడుగువారు కలరు. పరీక్షలు, మార్కులు, పోటీలు అడ్డముగ నిలుచుట నిజమే. కాని పరీక్షలో ప్రశ్నలు ముందే నిర్ణయమై యుండును. జీవితములో ఇమామునకు ఎదురైన వంటి ప్రశ్న ఏ వయస్సున, ఏ గడపలో ఎదురగునో ఎవరును చెప్పజాలరు. అది ఎదురగుటకు ముందే ఒక్కసారియైనను మరొకని పక్షమున నిలిచి ఆలోచించి యుండుట మేలు. ఏడాదికి పండ్రెండు పర్యాయములు అట్లు నిలిచి చూచిన ఉపాధ్యాయుడు, వచ్చే ఉగాదికి పదమూడవ పుస్తకమును తానే ఎంచుకొనకుండ, తన విద్యార్థులలో ఒకరిని అడిగి తెలిసికొనుట మంచిది.